కార్డు రాయని గుడిసె

మహబూబాబాద్. సకల జనుల సమ్మెతో మూతపడిన జూనియర్ కాలేజీలో ఒక గది. పాత జనాభా లెక్కల కాగితాల మూటల నడుమ మౌనిక అనే ఇంటర్ పిల్ల, ఆమెకు ఎదురుగా ప్రేమ్‌సింగ్ అనే ముసలాయన.

“లేదు తాతా. ఆ పేరు మీద కార్డు లేదు.”

“మల్లొక్కసారి సూడు బిడ్డా. భూక్యా దేవ్యా.”

“రెండుసార్లు సూసిన.”

“ఇంటిపేరు కాడ సూసినవా, పేరు కాడ సూసినవా?”

“రెండు కాడ్ల సూసిన. ఇంటిపేర్లకు ఒక డబ్బా, పేర్లకు ఒక డబ్బా. రెంటిట్ల లేదు.”

“గట్లనా.”

“దొరకలేదని మా లెక్చరర్ శ్రీధర్ సారు మీకు ఫోన్ల చెప్పిండు గద. అయినా ఇయ్యాల వస్తనన్నరట, ఊకె ఇంత దూరం వచ్చిన్రు. బస్సులు గూడ బందున్నయి.”

“బస్సులు బందైతే ఏమాయె. భూపాలపల్లి కాంచి పత్తి లారీల పరకాల, ఆడికెంచి ఆటోల వరంగల్, ఆడికెంచి ట్రాలీల జనగామ.”

“జనగామకెందుకు? అది ఇంకో దిక్కు గద.”

“మీ సారు ఇల్లు ఆడ్నే గద. ఇంటికాడ ఉంటడేమో, మొఖం సూసి అడుగుదామని పోయిన. ఆయనేమో ఈడ టెంటు కింద దీక్షల కూసున్నడట.”

“అయ్యో.”

“అయ్యో అనకు. తొవ్వ పొడుగూత రాస్తారోకోలే. ఆపిన కాడల్లా దిగి జై తెలంగాణ అనమన్నరు. అన్న. నా గొంతు సూడు ఎట్ల పోయిందో.”

“నీళ్లు తాగున్రి.”

“ఇందాక టెంటు కాడికి పోయి మీ సారునడిగిన. ‘ఆ పని మౌనికనే సూస్తది, తాళంచెవి గూడ ఆమె కాడనే ఉంటది, మాట తప్పని పిల్ల’ అన్నడు.”

“సారు గట్లనే అంటడు.”

“ఎందుకట్ల తల దించుకుంటవు? మంచిమాటనే గద అన్నడు.”

“ఏం లేదు. దుమ్ము పడ్డది కండ్ల.”

“ఈ కాయితాలన్ని ఏడియి బిడ్డా?”

“పాత పట్వారీ ఇంట్ల అటక మీద దొరికినయట. యాభై ఒకటిల లెక్కలప్పుడు ఇంటింటికి పోయి రాసుకున్నయి. కాలేజి బందుంది గద, ఖాళీగ ఉండకున్రని సారు మాకు పని చెప్పిండు. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు రాయాలె. ఎవలన్న వచ్చి వాళ్ల తాత పేరు చెప్తే, డబ్బాల కార్డు సూసి మూటల కాయితం తియ్యొచ్చు.”

“మరి అన్నిటికి రాసిన్రా?”

“ఊర్లయి అయిపోయినయి. తండాలయి కొన్ని అయినయి.”

“క్యాంపుది?”

“ఏ క్యాంపు?”

“రోడ్డు పక్కన క్యాంపు. కొత్తగూడ అడివిలున్న తండాలన్ని మిలిటరోళ్లు లేపి, ఒక్క కాడ తెచ్చి కంచె ఏసిన్రు. తుపాకులు పట్టుకున్న సంఘపోళ్లకు మనోళ్లు బువ్వ పెడుతున్నరని. ఆ క్యాంపుల ఉన్నప్పుడే లెక్కలు రాసిన్రు.”

“ఆ మూటకు ఇంక పూర్తిగ కార్డులు కాలే.”

“కాలేదా?”

“కొన్ని అయినయి, కొన్ని కాలే.”

“ఏవి అయినయి, ఏవి కాలే?”

“గొలుసుకట్టు రాత తాతా, సక్కగ తెల్వది. చెదలు గూడ పట్టింది.”

“అంటే ఉండొచ్చు.”

“ఉండొచ్చు. ఉండకపోవచ్చు.”

“మరి లేదంటివి?”

“కార్డు లేదన్న.”

“కార్డు లేదన్నవా, కాయితం లేదన్నవా?”

“కార్డు.”

“ఓహో.”

“ఎందుకట్ల సూస్తున్నరు?”

“ఏం లేదు. నీకు గోర్ బోలి, మన లంబాడీ మాట, వస్తదా? తండా పిల్లవని మీ సారు చెప్పిండు.”

“వస్తది.”

“మరి మన మాటల్నే మాట్లాడుదాం.”

“వద్దు. తెలుగుల్నే మాట్లాడున్రి.”

“సిగ్గా? మా మనుమడు గూడ గంతే. దోస్తుల ముంగట నాతోని తెలుగు మాట్లాడుతడు, నేనెవలో తెల్వనట్టు.”

“సిగ్గు గాదు.”

“మరేంది?”

“ఇంట్ల మాట ఇంట్లనే వస్తది నాకు. ఈడ రాదు.”

“కానియ్యి. బొగ్గు బాయిల చేసి చేసి నాకు గూడ తెలుగే ముందొస్తది. సిన్మాలల్ల మా మాటకు నవ్విన్రని ఈ టెంటు కిందోళ్లు కొట్లాడుతున్నరు గద, వీళ్లే బాయిల నా మాటకు నవ్వేటోళ్లు. నేను ఎవల మీద సమ్మె చెయ్యాలె?”

“నవ్విస్తున్నరు మీరు.”

“నవ్వు. ఇంతసేపటికి నవ్వినవు. నీ ఇంటిపేరేంది?”

“మౌనిక.”

“అది పేరు. ఇంటిపేరడిగిన.”

“భూక్యా.”

“అరె. మనోళ్లే. భూక్యా దేవ్యా, భూక్యా దేవ్యా అని ఇందాకటి సంది మొత్తుకుంటున్న. మాది గూడ భూక్యానే అని ఒక్క మాట అనబుద్ధి కాలేదా?”

“భూక్యాలు శాన మంది ఉంటరు గద.”

“ఎంతమందున్నా ఒక్కటే రక్తం. నన్ను తాత అనుడు గాదు, మన మాటల దాదా అనాలె. ఏ తండా మీది?”

“నెల్లికుదురు దిక్కు.”

“నెల్లికుదురు దిక్కు ఏ తండా?”

“చిన్నది. మీకు తెల్వది. తాతా, పొద్దటి సంది ఏం తిన్నట్టు లేరు. ఇది తినున్రి.”

“ఏంది మూట?”

“బెల్లం. మా లతక్కకు సంబంధం ఖాయమైంది. మొన్న తండా నాయక్ ముంగట బెల్లం పంచిన్రు.”

“గోళ్ తిన్నరా. శాన మంచిమాట. పిలగాడెవలు?”

“ధరావత్ వాళ్లు. బచ్చన్నపేట దిక్కు.”

“మంచిది. కట్టిపెట్టు బిడ్డా, నేను బెల్లం తినను.”

“షుగరా?”

“షుగర్ లేదు.”

“మరి శుభం గద. జరంత నోట్లేసుకోవాలె.”

“చిన్నప్పటి సంది తినను.”

“చాయ్‌ల గూడనా?”

“చాయ్‌ల గూడ. మా ఇంటిది దినాం అడిగేది, బెల్లం మీద నీకేం పగ అని. చచ్చిపోయేదాక అడిగింది. చెప్పలే.”

“చెప్పొద్దనుకుంటే చెప్పకున్రి.”

“ఆ క్యాంపు కాయితం ఉన్నదనుకో. అండ్ల మా చెల్లె రెండు కాడ్ల ఉంటది.”

“ఊఁ.”

“ఎట్ల అని అడగవేంది?”

“ఎట్ల?”

“క్యాంపుల జొన్నలు తలకింత అని పోసేటోళ్లు. లెక్కలు రాయవస్తున్నరంటే, ఎన్ని తలలు రాస్తే అన్ని జొన్నలు పోస్తరనుకున్నరు అందరు. మా పక్క గుడిసె సక్రూకు పిల్లల్లేరు. ఆయన పెండ్లాం మమ్ముల కన్న యాడి కాడికొచ్చి, మీ మంగ్లీని ఒక్క పూట బదులియ్యి అన్నది.”

“పిల్లను బదులా?”

“ఉప్పు బదులిస్తరు, చాట బదులిస్తరు. గట్లనే. ఆ దినం పిల్లలు గుడిసె గుడిసెకు తిరిగిన్రు. రాసేటాయన మా గుడిసెల రాసుకొని బయటికి పోంగనే, ఎన్కనుంచి మంగ్లీని తోల్కపోయి సక్రూ గుడిసెల కూసోబెట్టాలె. ఆయన ఆడ గూడ రాసుకొని పోయినంక మల్ల తోల్కరావాలె. తోల్కపోయే పని నాదే, తోల్కొచ్చే పని నాదే.”

“తోల్కపోయిన్రా?”

“తోల్కపోయిన. రాసేటాయన ఎడ్డోడా, పిల్లను సూడంగనే నవ్విండు. అయినా రాసుకున్నడు. ఆయన పోంగనే సక్రూ పెండ్లాం నా చేతిల బెల్లం ముక్క పెట్టింది. ‘నువ్వు తినుకుంట పో, పిల్లను జరసేపు ఉండనియ్యి, నేనే తోల్కొస్త’ అన్నది. బెల్లం మొఖం సూడక ఎన్నాళ్లయిందో మాకు. ఎవలన్న అడుగుతరని దాసుకొని తీస్కపోయి, వాగు కాడ కూసోని తిన్న.”

“ఆమె తోల్కరాలే.”

“పొద్దూకేటాళ్లకు సక్రూ గుడిసె ఖాళీ. పిల్లను తీస్కొని కంచె దాటి పోయిన్రు.”

“మీ యాడి ఏమన్నది?”

“కొడితె బాగుండు. కొట్టలే. ‘బెల్లం తిన్నవా’ అని అడిగింది. తిన్న అన్న. మల్లెన్నడు ఆ ముచ్చట ఎత్తలే.”

“మీరు చిన్నోళ్లు గద తాతా. తొమ్మిదేండ్ల పిలగానికి ఏం తెలుస్తది.”

“తొమ్మిదా?”

“అంటే, చిన్నోళ్లని అన్న.”

“నాకు తొమ్మిదేండ్లని నీకెవలు చెప్పిన్రు?”

“మీరే అన్నరు గద.”

“నేను అనలే.”

“ఊరికనే అన్న తాతా. అందాజగ.”

“అందాజగ పది అంటరు. తొమ్మిది అనరు. మౌనికా, ఇటు సూడు.”

“మీరు తిడుతరు.”

“తిట్టను.”

“కాయితం దొరికింది.”

“ఎప్పుడు?”

“మీరు ఫోన్ చేసిన్నాడే. సారు వెతుకుమంటే క్యాంపు మూట ఇప్పిన. పైననే ఉన్నది.”

“సారుకు తెల్సా?”

“తెల్వది. లేదని చెప్పిన. సారు నన్ను మల్లొకసారి గూడ అడగలే, నమ్మిండు. ఎన్నడు అబద్ధం ఆడలే నేను సారుతోని. రోజు డైరీ రాసుకుంట తాతా, ఆ దినం కాంచి పేజీలన్ని తెల్లగనే ఉన్నయి. ఇది రాయకుంట వేరేది ఏం రాయాలె? మీరు జనగామ అంత తిరిగొచ్చి ఈడ కూసుంటే గూడ మొఖం మీదనే లేదన్న.”

“గందుకేనా గోర్ బోలి రాదన్నవు?”

“ఆ మాటల నాకు అబద్ధం రాదు. ఇంట్ల పెద్దోళ్లతోని మాట్లాడే మాట గద.”

“ఏడువకు. ఎందుకు లేదన్నవు? నేనేం చేసిన నీకు?”

“మీరేం చెయ్యలే. ఆ సక్రూ ఇంటిపేరు వాంకుడోత్ గద?”

“అవు.”

“మా నాయినను కన్న దాది, ఆమె పుట్టినిల్లు వాంకుడోత్ వాళ్లది. వాళ్ల నాయిన పేరు సక్రూ. దాది పేరు మంగ్లీ.”

“ఊఁ.”

“సక్రూ గుడిసె కాడ రాసేటాయన పక్కకు రాసిపెట్టిండు తాతా, ఈ పిల్ల ముందు దేవ్యా గుడిసెలో రాసిన పిల్లే అని. అది సదివినంకనే తెల్సింది. దాది వాంకుడోత్ గాదు, భూక్యా. మా తాత గూడ భూక్యానే.”

“భూక్యా లచ్చూ.”

“ఆ. భూక్యాకు భూక్యాను ఇయ్యరు గద, అన్నచెల్లెండ్ల వరుస గద. ఇది బయటపడితే మా దాది ముంగట ఎవలన్న నిలబడి మాట్లాడుతరా? ధరావత్ వాళ్లు లతక్కను చేస్కుంటరా? మా నాయిన ఎవల బిడ్డ అంటరో, మమ్ముల ఏమంటరో. గందుకే... తాతా, మా తాత పేరు మీకెట్ల తెల్సు?”

“ఏంది?”

“లచ్చూ అన్నరు. నేను చెప్పలే.”

“చెప్పినవేమో.”

“చెప్పలే. నేను తొమ్మిది అన్నట్టే అన్నరు మీరు.”

“పట్టుకున్నవు బిడ్డా.”

“చెప్పున్రి.”

“మా యాడి పోయినంక తండా తండా తిరిగిన. ఇరవై ఏండ్లుంటయి నాకు. నెల్లికుదురు కాడ ఒక తండాల వాంకుడోత్ సక్రూ అని ఉన్నడంటే పోయిన. నేను పోయేసరికి నాయక్ ముంగట బెల్లం పంచుడు అయిపోయింది. ఒకామె నా చేతిల గూడ పెట్టింది. సక్రూ బిడ్డకు ఖాయమైంది, తినమన్నది.”

“దాదిని సూసిన్రా?”

“వాకిట్ల కూసున్నది. నవ్వుతున్నది. మా యాడి నవ్వు. పిలగాడెవలని అడిగిన. భూక్యా లచ్చూ అన్నరు.”

“మీరేం అనలే.”

“బెల్లం తిన్నంక మాట ఇరిచిన పిల్లను మల్లెవలు చేస్కుంటరు? నోరు తెరిస్తే ఆమె బతుకు ఆడ్నే ఆగుతది. తెరవకపోతే భూక్యా బిడ్డ భూక్యా ఇంటికి పోతది. చేతిల బెల్లం చేతిల్నే పట్టుకొని నిలబడ్డ. జర ముందుగాల పోతే చెప్పేటోన్ని. ముందుగాల పోలే. అప్పుడు నా బాయి పని ఇల్లందుల, ఆడి దాక నడుచుకుంట వచ్చిన. ఆ బెల్లం తొవ్వల ఆవుకు పెట్టిన.”

“అంటే అప్పటి సంది మీకు అన్ని తెల్సు.”

“తెల్సు. ఎవలెవలు పుట్టిన్రు, మీ తాత ఎప్పుడు పోయిండు, ఆ దిక్కు మనిషి ఎవలన్న బాయికొస్తే తిప్పి తిప్పి అడిగేటోన్ని.”

“మరి ఇప్పుడెందుకు దేవ్యా కాయితం కావాలె మీకు?”

“క్యాంపు లెక్కలు దొరికినయి, అడిగినోళ్లకు తీసి సూపిస్తరని పేపర్ల పడ్డది. మా మనుమడు సదివిండు. అప్పటి సంది నిద్ర లేదు. మీ సారు ఫోన్ల దొరకలేదన్నా నమ్మబుద్ధి కాలే. ఒక్కటి జెప్పు. దేవ్యా గుడిసెకు కార్డు రాసినవా, రాయలేదా?”

“రాయలే.”

“నిజంగ?”

“నిజంగ. దాది మీద ఒట్టు.”

“రాయకు.”

“ఏంది?”

“రాయకు బిడ్డా. దొరకాలెనని రాలే నేను. దొరకొద్దని వచ్చిన.”

“మరి ఇందాకటి సంది మల్ల సూడు, మల్ల సూడు అన్నరు?”

“నువ్వు లేదన్నకొద్ది పానం కుదుటపడ్డది. ఇంకోసారి అనాలె, ఇంకోసారి అనాలె అనిపిచ్చింది. ఆ కాయితం నాకియ్యి, బయట పొయ్యిల పెడుత.”

“వద్దు తాతా. ఆ కాయితం మీద వేరేటోళ్ల గుడిసెలు గూడ ఉన్నయి. వాళ్ల పిల్లలొస్తరు అడుగుతందుకు. వాళ్లందరికి కార్డులు రాసిన. మీదే ఇడిచిపెట్టిన, సక్రూది ఇడిచిపెట్టిన. కార్డు లేకపోతే అంత మూటల ఎవలు వెతుకరు.”

“గట్లయితే మంచిది.”

“మంచిది గాదు. మీ యాడి పేరు, బాపు పేరు ఇంకెక్కడన్న ఉన్నయా?”

“ఏడ ఉంటయి. ఫోటో లేదు, భూమి పట్టా లేదు. యాడిని కాల్చిన కాడ ఇప్పుడు రోడ్డు పడ్డది.”

“అంటే ఈ కాయితం ఒక్కటే. దీన్ని నేను దాస్తే వాళ్లు లేనట్టే గద. ముందుగాల మీ చెల్లెను దాసిన, ఇప్పుడు మీ యాడిబాపులను దాస్తున్న.”

“నువ్వు గాదు, నేను దాయమంటున్న. మా యాడి ఉంటే ఆమె గూడ గదే అంటది. బిడ్డ బతుకు ముంగట ఆమెకు పేరెందుకు. ఒక్కటి జెయ్యి. నాకు సదువు రాదు. ఒక్కసారి సదివి వినిపియ్యి, మల్ల మూటల పెట్టు.”

“భూక్యా దేవ్యా, కూలి. పెండ్లాం ఈదమ్మ. కొడుకు ప్రేమ్‌సింగ్, తొమ్మిది. కూతురు మంగ్లీ, ఆరు.”

“మల్ల సదువు.”

“భూక్యా దేవ్యా, కూలి. పెండ్లాం ఈదమ్మ. కొడుకు ప్రేమ్‌సింగ్. కూతురు మంగ్లీ.”

“నలుగురం ఉన్నం.”

“నలుగురున్నరు.”

“ఇంగ కట్టెయ్యి మూట. గట్టిగ కట్టు.”

“తాతా, భూక్యా వాళ్లయితే మీరు నాకు దాదా. దాదికి అన్నయితే ఇంకో వరుస. ఏమని పిలువాలె నేను?”

“రెండూ కారాదు బిడ్డా. గదే గద కథంత.”

“అవుతున్నరు గద.”

“అయితున్న. తాత అనే పిలువు. ఎవలైనా ఎవలనైనా పిలువచ్చు గట్ల.”

“దాదిని సూస్తరా? సారు బండి మీద తీస్కపోతడు. శాన దూరం గూడ లేదు.”

“వద్దు. నన్ను సూస్తే ఆమెకు మా యాడి మొఖం గుర్తొస్తది. ఏం తెల్వకుండ ఇంత కాలం సక్కగ బతికింది. గట్లనే ఉండనియ్యి. నువ్వేమన్న చెప్పినవా?”

“కాయితం సంగతి చెప్పలే.”

“చెప్పకు. ఎన్నడు చెప్పకు. టెంటు కాడ మీ సారు అడుగుతడు, ఏమనాలె?”

“దొరకలేదని చెప్పున్రి.”

“ఇద్దరం ఒక్కటే మాట.”

“ఊఁ. తాతా, ఆగున్రి. ఆ బెల్లం మూట మర్సిపోతున్నరు.”

“తిననని చెప్పిన గద. మీ అక్కకు నా దీవెన ఉంటది.”

“అది లతక్క బెల్లం గాదు.”

“మరెవలది?”

“భూపాలపల్లి కాంచి ప్రేమ్‌సింగ్ అనే ఆయన వస్తుండని ఇంట్ల పేరు ఒక్కటి చెప్పిన తాతా, ఇంకేం చెప్పలే. పొద్దుగాల దాదినే ఇది కట్టిచ్చింది. ‘మా అన్న బెల్లం దొరికితే వాగు కాడికి పోయి దాసుకొని తింటడు, ఈసారి నీ ముంగటనే తినమను’ అన్నది.”